స్పిరిట్ స్టవ్ పేలితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: లాయర్ గారూ, మాది తార్నాక. ప్రైవేటు ఉద్యోగం. వీలైన గురువారాల్లో జుమ్మెరాత్ బజార్ తిరిగి, ట్రెక్కింగ్‌కు తీసుకెళ్లే పాత ఇత్తడి స్పిరిట్ స్టవ్‌లు కొని, బాగుచేసి అమ్ముతుంటాను. ఏడాదికి పది, పన్నెండు దాకా పోతాయి. కిందటి నెల ఒకటి 4,500 రూపాయలకు ఇచ్చాను. నీళ్లు తొందరగా కాగాలని దాని బర్నర్ రంధ్రాలు డ్రిల్‌తో కాస్త పెద్దవి చేశాను, అడుగున కారుతుంటే టంకం వేశాను. కొన్నాయన అనంతగిరిలో టీ పెట్టుకుంటూ, మంట ఆరిపోయిందనుకుని సీసాతో స్పిరిట్ పోశారట. భగ్గుమంది, చెయ్యి కాలింది. ఇప్పుడు 2 లక్షలు ఇమ్మని లాయర్ నోటీసు పంపారు. ‘పాత సరుకు, అమ్మాక మాకు సంబంధం లేదు’ అని నేను వాట్సాప్‌లో ముందే రాశాను. అది సరిపోదా? ఇంట్లో ఐదు లీటర్ల స్పిరిట్ డబ్బా కూడా ఉంది, దానికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ వాట్సాప్ మెసేజ్ మిమ్మల్ని కాపాడదు. ముందు ఆ భ్రమ వదిలించుకుంటే మిగతాది ప్రశాంతంగా మాట్లాడుకోవచ్చు.

మీ ఉత్తరంలో మీరు చేసిన పనులన్నిటినీ ‘బాగుచేయడం’ అనే ఒక్క మాటలో కలిపేశారు. చట్టం అలా కలపదు. మసి వదిలించి మెరుగు పెట్టడం, వాషర్ మార్చడం, పూడిన రంధ్రంలో పిన్ను తిప్పడం ఒక రకం. మన అమ్మమ్మలు పంపు స్టవ్వుకు రోజూ చేసిన పనే అది. వస్తువు మొదట ఎలా ఉందో మళ్లీ అలాగే అవుతుంది. రంధ్రం పెద్దది చేయడం అలాంటిది కాదు. ఆ బర్నర్‌ను తయారుచేసినవాడు ఎంత మంట రావాలో లెక్కేసి ఆ కొలత పెట్టాడు. మీరు కొలత మార్చారంటే మంట పెరుగుతుంది, ఇత్తడి ఇంకా వేడెక్కుతుంది. మామూలు సీసం, తగరం కలిసిన టంకమైతే 180 డిగ్రీలు దాటగానే మెత్తబడటం మొదలుపెడుతుంది. పొయ్యి అడుగున అలాంటి టంకం వేశారేమో ఒకసారి చూసుకోండి.

ఇక చట్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ‘ప్రొడక్ట్ లయబిలిటీ’ (వస్తువు వల్ల జరిగిన హానికి బాధ్యత) అని ఒక అధ్యాయం ఉంది, 2020 జూలై నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 86 ప్రకారం అమ్మినవాడే వస్తువును మార్చి ఉంటే, జరిగిన హానికి ఆ మార్పే ముఖ్య కారణమైతే, అమ్మినవాడు బాధ్యుడు. అంతటితో ఆగలేదు. అమ్మే ముందు వస్తువును తిరిగి తయారుచేసేవాడిని కూడా ఆ చట్టం ‘తయారీదారు’ నిర్వచనంలోకి తెచ్చింది. డ్రిల్ పట్టినప్పుడు మీరు అనుకోకుండానే ఆ నిర్వచనం గడప దగ్గరికి వచ్చేశారు. తయారీదారు వాడకం గురించి సరైన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోతే అది కూడా లోపమే.

‘నాది వ్యాపారం కాదు, సరదా’ అని మీరు వాదించవచ్చు. చట్టం వ్యాపార క్రమంలో అమ్మేవాడి గురించే మాట్లాడుతుంది కాబట్టి ఆ వాదనలో కొంత బలం ఉంది. కానీ ఏడాదికి పన్నెండు, లాభానికి, ఫొటోలు పెట్టి అమ్మితే వినియోగదారుల కమిషన్ సభ్యులు దాన్ని సరదా అంటారని నేను అనుకోను. ఒకవేళ అన్నా, నిర్లక్ష్యం కింద సివిల్ కోర్టులో దావా వేసే దారి కొన్నాయనకు ఉండనే ఉంది.

అలాగని మీ చేతిలో ఏమీ లేదనుకోవద్దు. సెక్షన్ 87 మీకు పనికొస్తుంది. హాని జరిగిన సమయంలో వస్తువును తప్పుగా వాడి ఉంటే అమ్మినవాడి మీద చర్య ఉండదు. వేడి బర్నర్‌లో స్పిరిట్ పోయడం తప్పు వాడకమే, ఆ సంగతి గట్టిగా చెప్పండి. అవతలి లాయర్ ఏమంటాడో కూడా ఇప్పుడే వినండి: ‘స్పిరిట్ మంట ఎండలో కంటికి ఆనదు, ఆరిపోయిందనుకున్నారు, ఈ సంగతి మా క్లయింట్‌కు చెప్పిందెవరు?’ అందరికీ తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించక్కర్లేదని చట్టమే అంటుంది. కానీ కంటికి కనిపించని మంటను ‘అందరికీ తెలిసినది’ అనిపించడం కష్టం. ‘పూర్తిగా చల్లారాకే పోయాలి’ అనే ఒక్క వాక్యం కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే ఈ కేసు సగం తేలిపోయేది. ఇకపై అమ్మేవాటితో ఆ కాగితం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఇవ్వండి, సంతకం తీసుకోండి. డ్రిల్ చేసినవాటిని మాత్రం అమ్మకండి, మీరే వాడుకోండి.

మీరు అడగలేదు కానీ, మార్చిన స్టవ్‌ను ‘ఒరిజినల్ ట్రాంగియా’ అనో మరో కంపెనీ పేరుతోనో అమ్మవద్దు. మామూలుగా అసలు సరుకును తిరిగి అమ్మడం తప్పు కాదు. అయితే మార్కెట్లోకి వచ్చాక సరుకు స్థితి మారితే కంపెనీ అభ్యంతరం చెప్పొచ్చని ట్రేడ్‌మార్క్స్ చట్టం సెక్షన్ 30 అంటుంది. ‘మార్పులు చేసినది’ అని రాస్తే సరిపోతుంది.

క్రిమినల్ కేసు భయం గురించి: నిప్పు, మండే పదార్థాల విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 287 ఉంది. ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇతరుల భద్రతకు ముప్పు తెచ్చే నిర్లక్ష్యానికి సెక్షన్ 125 కూడా తోడవొచ్చు, గాయం తీవ్రమైనదైతే దాని కింద శిక్ష పెరుగుతుంది. నోటీసులో డబ్బు మాత్రమే అడిగారు కాబట్టి ఇప్పుడే దానికి నిద్ర పాడుచేసుకోవద్దు.

డబ్బా సంగతి వేరే. స్టవ్‌లో పోసేది మామూలుగా డీనేచర్డ్ స్పిరిట్, అంటే తాగకుండా వేరే పదార్థాలు కలిపిన పారిశ్రామిక ఆల్కహాల్. ఎక్సైజ్ చట్టం దృష్టిలో అది తాగడానికి పనికిరాకపోయినా మద్యం నిర్వచనంలోకే వస్తుంది. పారిశ్రామిక ఆల్కహాల్ మీద రాష్ట్రాలకు అధికారం ఉందని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8-1 మెజారిటీతో తేల్చింది. కాబట్టి ఐదు లీటర్లు ఉంచుకోవచ్చా అని మీ ప్రాంత ఎక్సైజ్ స్టేషన్‌లో అడిగి తెలుసుకోండి, కొన్న బిల్లు దాచుకోండి. నీళ్ల సీసాల్లోకి మాత్రం ఎప్పుడూ వంచొద్దు, పిల్లలు తాగేస్తారు. స్టవ్‌తో పాటు కొన్నవారికి స్పిరిట్ సీసా ఇవ్వకండి. లైసెన్స్ లేకుండా అమ్మారనే ఆరోపణకు మీరే దారి వేసినట్టవుతుంది.

‘అనంతగిరి రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టింది ఆయనే కదా’ అని జవాబులో రాయించాలని మీకు అనిపించవచ్చు. నేనైతే రాయించను. చెయ్యి కాలినవాడి మీద నేరం మోపినట్టు ఉంటుంది, రాజీ దారి మూసుకుపోతుంది.

జవాబు పంపకుండా మాత్రం కూర్చోవద్దు. రేపు వినియోగదారుల కమిషన్ నోటీసు వస్తే లిఖితపూర్వక జవాబుకు గడువు 30 రోజులు, కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వొచ్చు. ఆ తర్వాత ఒక్కరోజు కూడా పొడిగించడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు పంపే జవాబులో ఒక విషయం తప్పక ఉండాలి: ఆ స్టవ్‌ను ఉన్నదున్నట్టు దాచమనండి, మసి తుడవొద్దనండి. అడుగు టంకం ఊడిందా, లేదా పై నుంచి పోసిన స్పిరిటే అంటుకుందా అన్నది పరీక్షలో తేలాలి. టంకం చెక్కుచెదరకుండా ఉంటే మీ వాదన నిలబడుతుంది. ఊడి ఉంటే మీ లాయర్‌ను వెంటబెట్టుకుని ఆయన ఆస్పత్రి బిల్లుల గురించి మాట్లాడుకోవడానికి వెళ్లండి.