ముఖం కనిపించని పాత్రతో క్లాడ్ రెయిన్స్‌కు పేరెలా వచ్చింది?

1933లో వచ్చిన 'ది ఇన్విజిబుల్ మ్యాన్' సినిమాతో బ్రిటిష్ నటుడు క్లాడ్ రెయిన్స్‌కు పేరు తెచ్చింది ఆయన గొంతే. టాకీలు వచ్చిన కొత్తలో హాలీవుడ్‌కు డైలాగు స్పష్టంగా పలికే నాటక నటులు అవసరమయ్యారు. రెయిన్స్ అప్పటికే లండన్ రంగస్థలంలో ఆరితేరినవాడు, నటన నేర్పిన గురువు కూడా. ప్రసిద్ధ బ్రిటిష్ నటుడు జాన్ గీల్‌గుడ్ ఆయన శిష్యుడే. ఆ గొంతు పుట్టుకతో వచ్చిన వరం కాదు. చిన్నప్పుడు మాట తడబడేది, యాస కూడా లండన్ పేటలదే. పట్టుబట్టి సాధన చేసి మార్చుకున్నాడు.

ఈ సినిమాలో ఆయనది కంటికి కనిపించని మనిషి పాత్ర, ముఖం చివర్లో కొన్ని క్షణాలే కనిపిస్తుంది. మిగతాదంతా కట్లు, నల్ల కళ్లద్దాలు, లేదంటే ఖాళీ గది. అయినా ఆ పాత్ర కోపం, గర్వం, పిచ్చి పెరిగిపోవడం మనకు వినిపిస్తూనే ఉంటాయి. ఇది మామూలు ప్రతిభ కాదు.

ఇదే ఆయన మొదటి సినిమా అని చాలామంది అనుకుంటారు. నిజానికి 1920లోనే బ్రిటన్‌లో ఒక మూకీలో నటించాడు. ఇది మొదటి టాకీ మాత్రమే. తర్వాత 'కాసాబ్లాంకా'తో సహా నాలుగు సినిమాలకు సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, అవార్డు మాత్రం ఒక్కసారీ రాలేదు.