వైద్య విద్యార్థులకు సైకియాట్రీ మీద ఆసక్తి ఎలా కలిగించాలి?

ముందు భయం పోగొట్టాలండీ. మా ఉత్తరాంధ్రలో ఎవరైనా తిక్కగా మాట్లాడితే ‘వైజాగ్ పంపించాలి’ అనేస్తారు. చినవాల్తేరులో మానసిక వైద్యశాల ఉంది కదా, అందుకు! ఆ మాట వింటూ పెరిగినవాళ్లే రేపు డాక్టర్లవుతారు. పైగా సినిమాల్లో చూసిన షాక్ ట్రీట్‌మెంట్ ఒకటి. మత్తు ఇవ్వకుండా ఈ షాక్ ట్రీట్‌మెంట్ (ఈసీటీ) చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించిందని చాలామందికి తెలీదు.

లెక్చర్ల వల్ల పెద్దగా లాభం లేదని నా అభిప్రాయం. ఒక్కో విద్యార్థికి ఒక్క పేషెంట్‌ని అప్పగించి, మొదటి నుంచీ చివరిదాకా చూడనివ్వాలి. నా సైకియాట్రీ వార్డు పోస్టింగ్‌లో డిప్రెషన్‌తో ఒకామె వచ్చింది. కొంగు నలుపుకుంటూ నేల చూపులు చూడటమే తప్ప నోట మాట లేదు. మందులు మొదలుపెట్టిన నాలుగో వారంలో నన్ను చూసి, ‘బాబూ, అన్నం తిన్నావా?’ అంది. నాకు ఆసక్తి పుట్టింది అక్కడే.

సైకియాట్రీ అంటే ఆ ఒక్క వార్డే అనుకోకూడదు. గుండెదడతో క్యాజువాల్టీకి వచ్చి, ఈసీజీ నార్మల్ వచ్చినవాళ్లలో పానిక్ ఎటాక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన భయం) కేసులూ ఉంటాయి. 2015-16 జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో సుమారు 10 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. రేపు ఏ స్పెషాలిటీలో చేరినా వీళ్లు ఎదురుపడక మానరు.