నార్తర్న్ టెరిటరీ మారుమూల కమ్యూనిటీల్లో పిల్లల చెవి పరీక్షల ఉద్యోగం ఎలా ఉంటుంది?

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో ఆడియాలజిస్టుగా (వినికిడి పరీక్షించే నిపుణులుగా) ఆఫర్ వచ్చింది, అక్కడి మూలవాసులైన అబోరిజినల్ కమ్యూనిటీలకు తిరుగుతూ పిల్లల్ని చూడాలట, చేరొచ్చా అని అడిగారు. నేను మూడేళ్లు చేశాను. చేరండి. కాకపోతే ఆడియోగ్రామ్ (వినికిడి ఎంతుందో చూపే గ్రాఫ్) తీస్తే పని అయిపోతుందనుకోకండి.

అక్కడ మీ ముందుకొచ్చేది ఎక్కువగా పుట్టు చెవుడు కాదు. కర్ణభేరి వెనక నీరు చేరడం, లేదంటే దానికి చిల్లుపడి నెలల తరబడి చీము కారడం. ఇరుకు ఇళ్లలో ఎక్కువమంది ఉండటంతో పుట్టిన కొద్ది వారాలకే బ్యాక్టీరియా పసివాళ్ల ముక్కుల్లో చేరుతుంది. చాలాసార్లు నొప్పే ఉండదు. ఏడవని బిడ్డను క్లినిక్‌కు ఎవరు తెస్తారు చెప్పండి? పిల్లల్లో ఈ చీము చెవి 4 శాతం దాటితేనే పెద్ద ప్రజారోగ్య సమస్య అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. కొన్ని కమ్యూనిటీల్లో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది.

నా మొదటి ట్రిప్‌లో ఆరేళ్ల బాబును తెచ్చి, 'మాట వినడు, అల్లరి' అన్నారు టీచర్. కర్ణభేరి కదలికను చూపే టింపనోగ్రామ్ రెండు చెవులకూ గీత గీసినట్టు ఫ్లాట్, అంటే కర్ణభేరి సరిగా కదలట్లేదు. శబ్దం వినపడగానే ఒక ఆట బ్లాక్‌ను డబ్బాలో వెయ్యమని ఇంగ్లిష్‌లో చెప్పాను. కదల్లేదు. వాడికి ఇంగ్లిష్ మూడో భాషని నాకు తట్టనే లేదు. తీవ్రమైన చెవుడని రాయబోతుంటే, వాడికి అత్త వరసయ్యే స్థానిక హెల్త్ వర్కర్ వాళ్ల భాషలో రెండు ముక్కలు చెప్పింది. టకటకా వేశాడు. చివరికి తేలింది 40 డెసిబెల్స్ వినికిడి లోపం. క్లాసులో వెనక బెంచీకి పాఠం అందకపోవడానికి అది చాలు. ఆవిడ లేకపోతే నా రిపోర్టే తప్పు.

చికిత్సలో రోజువారీ భారం తల్లులదే: టిష్యూ పేపర్ను వత్తిలా చుట్టి చీము తుడవాలి, తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు వెయ్యాలి. మా నాయనమ్మ వెల్లుల్లి నూనె కాచి చెవిలో పోసేదని, చిల్లున్న చెవిలో అలాంటివి వద్దని చెప్తే అక్కడి అమ్మమ్మలు పడీపడీ నవ్వేవారు. ఆ తర్వాతే నా మాట వినడం మొదలెట్టారు.

2007 నుంచి ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వ నిధులతో ఈ సేవలు నడుస్తున్నాయి. పరీక్షలు బాగానే చేస్తాం, గ్రోమెట్ (కర్ణభేరిలో పెట్టే చిన్న గొట్టం) ఆపరేషన్ దగ్గరే ఆలస్యం. నర్సు కర్ణభేరి ఫొటోలు తీసి దూరంగా ఉన్న ఈఎన్‌టీ డాక్టరుకు పంపడం వల్ల కొంత నయం.

వానాకాలంలో రోడ్లు మునుగుతాయి. ఊళ్లో ఎవరైనా పోతే అంతా ఆగిపోతుంది. ఒకసారి విమానం దిగి, ఒక్క పిల్లాణ్నీ చూడకుండా వెనక్కొచ్చాం. విసుక్కోకండి. స్కూలు లైబ్రరీలో ఏసీ ఆపితేనే పరీక్షకు సరిపడా నిశ్శబ్దం దొరుకుతుంది, కాబట్టి నీళ్ల సీసా రెండు పెట్టుకోండి.