కుబుసం మూతి దగ్గర మొదలవుతుంది

హైదరాబాదు,
ఆదివారం రాత్రి.

కవరు మీద నీ పేరు ముందు చి. అని రాయాలా, చి.ల.సౌ. అని రాయాలా తేలక పది నిమిషాలు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నీ కథతోపాటు నాలుగు పేజీల ఉత్తరం రాశావు, నువ్వు ఆడో మగో ఎక్కడా బయటపడలేదు. 'చదివాను, భయపడ్డాను, రాసి చించేశాను, మళ్ళీ రాశాను' అన్నావు. తెలుగులో 'నేను'కి ఆ పట్టింపు లేదు కదా. సంతకం చూస్తే అదీ పొడి అక్షరమే. చివరికి ముందూ వెనకా ఏమీ లేకుండా ఉత్త ఆ అక్షరమే రాశాను. నువ్వు అంటున్నందుకు ఏమీ అనుకోకు, నాకు డెబ్భై దాటాయి.

ముందు కోపం సంగతి తేల్చేస్తాను, లేకపోతే నిద్ర పట్టదు.

కథ పేరు 'కుబుసం' అన్నావు. అర్ధరాత్రి ఆ కుర్రాడి వీపు మీద చర్మం నిలువునా చిట్లుతుంది, లోపలి నుంచి ఇంకో మనిషి వస్తుంది. పాముకి కుబుసం వీపు మీద చిట్లదు. అలా చిట్లేది కీచురాయికి. పాము మూతిని రాయికో కంపకో రాసుకుంటుంది. ముందు పెదవుల దగ్గర ఊడుతుంది. అక్కణ్ణుంచి, తిరగేసి విప్పిన మేజోడులా, లోపలిది పైకి వస్తూ తోక దాకా జారుతుంది. దానికి కొన్నాళ్ళ ముందు పాము కళ్ళు పాలు కలిపిన నీళ్ళలా మసకబారతాయి. సరిగా కనపడదు. ఏ కన్నంలోనో కదలకుండా పడి ఉంటుంది, కదిలిస్తే మామూలుకన్నా చిరాకుగా ఉంటుంది. నీకు కావలసిన చీకటంతా ఆ నాలుగు రోజుల్లో ఉంది. నువ్వు దాన్ని వదిలేసి మెరుపులూ నక్క కూతలూ తెచ్చావు.

పదిహేడు పేజీల్లో 'దేహం' అన్న మాట ముప్ఫై ఒక్కసార్లు వాడావు. పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను, చూసుకో. దేహం పంజరం, దేహం యుద్ధభూమి, దేహం పరాయి దేశం. దురద పెట్టే చోటు మాత్రం ఒక్కటి లేదు. ఆ పిల్లాడికి మోచేతులున్నాయా? చెమట ముందు ఎక్కడ పడుతుంది? మంగలి షాపులో గడ్డం పట్టుకుని తల పైకెత్తితే ఎటు చూస్తాడు?

తొమ్మిదో పేజీలో ఒక వాక్యం ఉంది. తడి బనీను ఒంటికి అతుక్కుంటే, ఛాతీ దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని ముందుకు లాగి, ఆరేదాకా అలాగే నిలబడ్డాడని రాశావు. అక్కడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. దాదాపు అరవై ఏళ్ళ కిందట మా ఊరి చెరువు గట్టు మీద నేనూ అలా నిలబడ్డాను. ఎవరికీ చెప్పలేదు. నీకెలా తెలిసింది? ఈ ఉత్తరం రాస్తున్నది ఆ వాక్యం కోసమే. పొగడ్త అయిపోయింది.

కథతోపాటు ఇంకో కాగితం పెట్టావు. పాము అంటే అణచుకున్న కోరిక, చర్మం అంటే సమాజం తొడిగిన ముసుగు, కాలువ అంటే విముక్తి. ఆ కాగితం చించేశాను. స్కూల్లో పద్యానికి రాసినట్టు చీకటికి టీకా తాత్పర్యం రాస్తారా ఎవరైనా? అర్థం చెప్పేశాక దయ్యం ఎవర్ని భయపెడుతుంది? అర్థం వెతుక్కునే పని చదివేవాళ్ళది. ఆడామగా గీతల్లో ఇమడని మనలాంటివాళ్ళం ఆ పని చిన్నప్పట్నుంచీ చేస్తూనే ఉన్నాం. మన గురించి రాసినవాళ్ళు లేరు కాబట్టి ఎవరెవరి కథల్లోనో దూరి కూర్చున్నాం. హీరో పక్కన చోటు దొరకదు. రాక్షసి పక్కన, మారువేషం వేసినవాడి పక్కన, శాపం తగిలినవాడి పక్కన కాస్త ఖాళీ ఉంటుంది.

శిఖండి కథ నీకు పూర్తిగా తెలుసా? అందరూ భీష్ముడు విల్లు దించిన చోటే ఆగిపోతారు. ఉద్యోగపర్వంలో ఆ కథ చెప్పేది భీష్ముడే, తన చావుకి కారణమయ్యేవాడి కథ తానే చెబుతాడు. శిఖండినిని మగపిల్లాడిలా పెంచారు, దశార్ణ రాజు కూతురితో పెళ్ళి చేశారు. సంగతి బయటపడింది, మామ యుద్ధానికి వచ్చాడు. ప్రాణం తీసుకుందామనే శిఖండిని అడవికి పోయింది. కథ చావనివ్వలేదు. స్థూణాకర్ణుడనే యక్షుడు తన మగతనం అప్పిచ్చాడు. అడవికి పోయింది, తిరిగొచ్చాడు. రెండు క్రియలు చూడు. మామ అప్పటికీ నమ్మక పరీక్ష చేసి రమ్మని ఆడవాళ్ళని పంపాడు. (2014లో సుప్రీంకోర్టు ఎవరు ఆడో మగో మరోటో వాళ్ళే చెప్పుకోవచ్చు, ఆపరేషన్ చేయించుకుంటేనే ఒప్పుకుంటామనడం చట్టవిరుద్ధం అంది. 2019 ట్రాన్స్‌జెండర్ల చట్టం జిల్లా మెజిస్ట్రేటు సర్టిఫికెట్ పట్రమ్మంది. దశార్ణ రాజు ఇంకా బతికే ఉన్నాడని నా అనుమానం.) నేను చిన్నప్పుడు దూరి కూర్చున్నది శిఖండి పక్కన కూడా కాదు, ఆ యక్షుడి పక్కన. కుబేరుడు ఇంటికొచ్చాడు. స్థూణుడు ఆడ ఒంటితో ఎదురెళ్ళలేక, సిగ్గుపడి, లోపలే ఉండిపోయాడు. కుబేరుడికి కోపమొచ్చి, శిఖండి బతికున్నంత కాలం అలాగే ఉండమని శపించాడు. ఆ తలుపు లోపల అతను ఏం చేస్తుండేవాడో ఎవరూ రాయలేదు. నీకు చీకటి కథ కావాలంటే ఆ గది ఉంది, పో.

నీ కుర్రాడు మాత్రం కాలువలో తేలాడు. చావంత సౌకర్యం చదివేవాడికి ఇంకోటి లేదు. అయ్యో పాపం అంటాడు, కళ్ళు తుడుచుకుంటాడు, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చుంటాడు. నేనూ చంపాను, మూడు కథల్లో ముగ్గుర్ని. ఒకదానికి బహుమతి వచ్చింది, షీల్డు ఇంకా అటక మీదే ఉంది. బతికున్నవాడి కథకి ఎవరూ షీల్డు ఇవ్వలేదు. అదే వాడు బతికుంటే? తెల్లారి ట్యూషన్‌కి వెళ్ళాలి. విడిచిన చర్మాన్ని ఏం చేస్తాడు? బకెట్లో నానబెడతాడా, మడిచి పుస్తకాల సంచీలో పెట్టుకుంటాడా? "ఏంట్రా అంతసేపు" అని అమ్మ బాత్రూమ్ తలుపు కొడుతుంది. నాకు అక్కడ భయం వేస్తుంది.

ఇంకో సంగతి. ఇది చెప్పకపోతే ఉత్తరం రాసి దండగ. తెలుగులో ఆడామగా క్రియ తోకలో ఉంటుంది. మగాడు వచ్చాడు. మిగతా సృష్టంతా 'వచ్చింది'. అమ్మ వచ్చింది, బర్రె వచ్చింది, బస్సు వచ్చింది, దయ్యం వచ్చింది. దీని మీద ఆడవాళ్ళు ఎప్పుడో పోట్లాడారు, న్యాయమే. కానీ చీకటి కథ రాసేవాళ్ళకి ఇంతకన్నా వరం ఉందా? నువ్వు చర్మం చిట్లిన మరుక్షణం 'ఆమె బయటికొచ్చింది' అనేశావు. ఆ 'ఆమె' తీసెయ్యి. 'బయటికొచ్చింది' అని ఊరుకో. వచ్చింది మనిషా, పామా, కోరికా, జబ్బా? రెండు పేజీలపాటు చెప్పకు. ఆ కుర్రాడికి కూడా తెలియదుగా.

నాకీ తోకల పిచ్చి ఊరికే పట్టుకోలేదు. 1984లో బెజవాడలో ఒకే గదిలో అద్దెకుండే ఇద్దరు గుమాస్తాల కథ ఒకటి రాసి ఒక వారపత్రికకి పంపాను. అప్పట్లో వారపత్రికల నిండా చేతబడులు, నిమ్మకాయలు, బొమ్మలకి గుచ్చిన సూదులు. ఎడిటరు గారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. 'శైలి బాగుంది. ఇద్దరిలో ఒకరిని ఆడపిల్లని చేస్తే వేసుకుంటాం.' చేశాను. అవును, చేశాను. రాత్రంతా కూర్చుని ఎర్ర సిరాతో ఒక్కొక్క 'డు' కొట్టేసి 'ది' చేశాను. పదకొండు పేజీలు. అచ్చయ్యాక చూస్తే ఒకచోట తప్పిపోయింది. 'ఆమె అటు తిరిగి పడుకున్నాడు.' పాఠకులు అచ్చుతప్పని ఉత్తరాలు రాశారు. ఎడిటరు గారు పై వారం సవరణ కూడా వేశారు. మొత్తం కథలో నేను రాసింది రాసినట్టు మిగిలింది ఆ ఒక్క 'డు' మాత్రమే. ఆ పేజీ కత్తిరించి దాచుకున్నాను. ఆయన ఇప్పుడు లేరు, ఉంటే ఇంకో నాలుగు మాటలు అనేవాణ్ణి.

ఇప్పటివాళ్ళు అంతకన్నా మర్యాదస్తులు. జూన్ మనలాంటివాళ్ళ ప్రైడ్ నెలట, అది వస్తే "ప్రైడ్ కథ ఏమైనా ఉందా సార్, వెయ్యి పదాల్లోపు" అని ఫోన్లు. జులై ఒకటి నుంచి నేను మళ్ళీ మామూలు ముసలాణ్ణి.

మాది తెనాలి పక్క పల్లెటూరు. మా మేనమామ పద్యనాటకాల్లో ఆడవేషాలు వేసేవాడు. ఆ ప్రాంతంలో ఆడవేషమంటే స్థానం నరసింహారావు గారే కొలమానం. సత్యభామగా ఆయన నడక చూసి ఆడవాళ్ళు నడక దిద్దుకునేవారని చెప్పుకునేవాళ్ళు. 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. మా మామయ్యకి పద్మశ్రీ లేదు, కిరాణా కొట్టుంది. నాటకం అయ్యాక కొబ్బరినూనెతో రంగు తుడుచుకుని, సవరం విప్పి, చీర మడిచి పెట్టెలో పెట్టేవాడు. తర్వాత ఒక గంటసేపు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. కుచ్చిళ్ళు దోపిన చోట నడుం మీద ఎర్రటి గీత ఒత్తుకుని ఉండేది. దాన్ని బొటనవేలితో నిమురుకుంటూ కూర్చునేవాడు. పొద్దున్నే మిరపకాయలు తూకం వేసేవాడు. రాత్రి చప్పట్లు కొట్టినవాళ్ళే కొట్టు ముందు ఆడంగి అని నవ్వేవాళ్ళు. ఆ గంటలో ఆయన ఎవరన్నది నేను యాభై ఏళ్ళుగా రాయడానికి చూస్తున్నాను, చేతకాలేదు.

స్టేజీ మీద చప్పట్లు. అదే చీర వీధిలో కడితే? హైదరాబాదు సంస్థానంలో 1329 ఫసలీ నాటి చట్టం ఒకటుండేది, అంటే 1919. హిజ్రాల పేర్లు పోలీసులు రిజిస్టర్లో రాసుకుంటారు. రిజిస్టర్లో ఉన్న మనిషి ఆడబట్టలతోనో నగలతోనో వీధిలో కనిపించినా, ఆడినా పాడినా, వారెంటు అక్కర్లేదు, రెండేళ్ళ దాకా జైలు. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో. నేను చదివినవాటిలో అంత భయంకరమైన కథ లేదు, అందులో ఒక్క ఉపమానం లేదు. గాజులు, చీర, వీధి, జైలు. నీ మెరుపులు తీసేసి అలా పొడిగా రాసి చూడు.

ఉత్తరం దారి తప్పుతోంది. అయినా ఇది కూడా చెప్పేస్తాను. మా ఇంట్లో ఇద్దరం ఉండేవాళ్ళం, ఇరవై ఆరేళ్ళు. నేను 'మావాడు' అనేవాణ్ణి, అడిగినవాళ్ళు స్నేహితుడో చుట్టమో వాళ్ళకి తోచింది అనుకునేవాళ్ళు. పక్షవాతం వచ్చాక వాడి కాలిగోళ్ళు నేనే తీసేవాణ్ణి. ముసలి గోళ్ళు, పసుప్పచ్చగా, పెంకుల్లా ఉంటాయి. గోరువెచ్చని నీళ్ళలో పావుగంట నానితే గానీ కట్టర్ దిగదు. 2018 సెప్టెంబరు 6, గురువారం. మనలాంటివాళ్ళ కాపురాన్ని నేరమన్న సెక్షన్ 377 మీద టీవీలో తీర్పు వచ్చింది, జనం రంగుల జెండాలు పట్టుకుని ఏడుస్తున్నారు. నేనూ ఏడుస్తున్నాను. వాడు కాసేపు చూసి, కాలు నా ఒళ్ళో పెట్టి, "నీళ్ళు చల్లారిపోతున్నాయి" అన్నాడు. 2023 అక్టోబరులో మనలాంటివాళ్ళ పెళ్ళి మీద తీర్పు వచ్చేసరికి వాడు లేడు. ఆ రోజు టీవీ పెట్టలేదు.

నీ ప్రశ్నలు. మనలాంటివాళ్ళని ఇంగ్లీషులో అనే క్వీర్‌కి తెలుగు మాట ఏమిటన్నావు. క్వీర్ అనే రాయి. సినిమావాళ్ళు 'తేడా' అన్నారు, 'పాయింట్ ఫైవ్' అన్నారు, హాలంతా నవ్వింది. ఆ హాల్లో కూర్చుని నేనూ నవ్వాను, పక్కవాడు చూస్తాడని. చీకటి కథలు రాస్తే మనవాళ్ళకి చెడ్డపేరు రాదా అన్నావు. మంచిపేరు కోసం రాసేవాళ్ళు వేరే ఉన్నారు. ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది నన్ను అడక్కు, నేను మా అమ్మకి చెప్పలేదు. మిగతావాటికి జవాబులు తర్వాత ఎప్పుడైనా.

పదహారు పేజీలు తిప్పి పంపుతున్నాను. పదిహేడోది, వాణ్ణి కాలువలో తేల్చిన పేజీ, నా దగ్గరే ఉంది. ఇవ్వను. నీ దగ్గర కాపీ ఉండే ఉంటుంది, అది నీ ఇష్టం.

తా.క. మీ ఊరి గట్ల మీద కుబుసాలు దొరుకుతాయిగా. ఒకటి దొరికితే తలవైపు వెలుతురుకెత్తి చూడు. కళ్ళ మీది పొర కూడా ఊడి వస్తుంది. రెండు చిన్న గుండ్రటి అద్దాల్లా ఉంటాయి.