ఇంటి లెక్కలో కుక్కకూ ఒక పద్దు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా వారు ఇళ్లకు వైరింగ్ పనులు చేస్తారు. నెలకు సగటున 16,000 రూపాయలు తెస్తారు. నేను ఇంట్లోనే జాకెట్లు కుట్టి 4,000 దాకా సంపాదిస్తాను. బాబుకు 12 ఏళ్లు, పాపకు 7 ఏళ్లు. అత్తగారు మాతోనే ఉంటారు. ఒక కుక్కపిల్ల, రెండు పిల్లులు కూడా ఉన్నాయి. పోయిన నెల కుక్కపిల్లకు వాంతులు, రక్త విరేచనాలు పట్టుకున్నాయి. పార్వో అనే వైరస్ జబ్బు అన్నారు. నాలుగు రోజులు సెలైన్లు ఎక్కిస్తే బతికింది కానీ 7,200 ఖర్చయింది. అది పిల్లల రెండో విడత ఫీజు కోసం దాచిన డబ్బు. పిల్లల నోటి దగ్గర కూడు తీసి కుక్కకు పెట్టానని అత్తగారు అంటున్నారు. ఎవరికైనా ఇచ్చేద్దామని మా వారు అంటే పాప అన్నం ముట్టకుండా కూర్చుంది. వీటిని పోషించే స్తోమత మాకు ఉందా? పిల్లల చదువుకు దాచేది ఎలా? నెల ఖర్చుల చిట్టా పంపుతున్నాను. – ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీరు పంపిన చిట్టా చాలా శ్రద్ధగా ఉంది. ఇంటి అద్దె 3,000, సరుకులూ పాలూ కూరగాయలూ గ్యాసూ కలిపి 7,500, ఫీజులు, ట్యూషన్ నెలకు లెక్కేస్తే 2,800, పెట్రోలు, ఫోన్లు, కరెంటు 1,900, అత్తగారి మందులు 900, చీటీ 2,000, జంతువులకు 1,200. మొత్తం 19,300. మిగిలేది 700. ఈ కాస్త ఆదాయంలో రూపాయి దుబారా లేకుండా ఇల్లు నడుపుతున్నారు. ఆ సంగతి ముందు మీ ఇంట్లో వాళ్లకు తెలియాలి.

మీ ఇంట్లో గొడవంతా ఆ 1,200 చుట్టూ తిరుగుతోంది. చిట్టా చదువుతుంటే నన్ను భయపెట్టినవి వేరే రెండు ఉన్నాయి. ఒకటి, చీటీ పక్కన మీరు రాసిన వివరం: ‘పాతపట్నంలో మా వారికి తెలిసినాయన నడుపుతారు. 40,000 చీటీ, 20 నెలలు. 11 నెలలు కట్టాం, ఇంకా పాడలేదు. రసీదు ఇవ్వరు, ఆయన పుస్తకంలో రాసుకుంటారు.’ రెండోది అసలు చిట్టాలోనే లేదు. రోజూ కరెంటు తీగలతో పనిచేసే మనిషికి బీమా అనే పద్దే కనబడలేదు. కుక్క కోసం ఖర్చయిన 7,200 మళ్లీ సమకూర్చుకోవచ్చు. ఈ రెండింట్లో ఏది అడ్డం తిరిగినా పిల్లల చదువు నిజంగానే ఆగిపోతుంది.

అయినా మీరు అడిగింది కుక్క గురించి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. పోషించే స్తోమత మీకు ఉంది. ఇరవై వేల ఆదాయంలో 1,200 అంటే నూటికి ఆరు రూపాయలు. ఇబ్బంది పెట్టింది తిండి కాదు, ఒక్కసారిగా వచ్చి పడిన వైద్యం ఖర్చు. దానికంటూ పద్దు లేదు కాబట్టి ఫీజు డబ్బుల మీద పడింది. పిల్లలకు జ్వరం వచ్చినా, మిక్సీ కాలిపోయినా అదే జరిగేది. అందుకే జంతువుల పేరున విడిగా ఒక ఖాతా పెట్టండి. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా 500 రూపాయలతో తెరుస్తారు, 4 శాతం వడ్డీ ఇస్తారు. నెలకు 300 చొప్పున వేస్తే ఏడాదికి 3,600 పోగవుతుంది. దీనికి రికరింగ్ డిపాజిట్ (నెలనెలా కట్టి గడువు తీరాక తీసుకునేది) మాత్రం వద్దు. అవసరం పడిన రోజున తీసుకోలేని డబ్బు ఇలాంటి పనికి ఉపయోగపడదు.

ఆ 300 ఎక్కడి నుంచి తేవాలన్నది కూడా మీ చిట్టాలోనే ఉంది. రోజూ వాటికి పది రూపాయల పాల ప్యాకెట్ కొంటున్నానని రాశారు. పాలు తాగడం మానిన వయసులో చాలా పిల్లులకూ కుక్కలకూ పాలు సరిగా అరగవు, విరేచనాలు అవుతాయి. పేగులు దెబ్బతిని ఇప్పుడిప్పుడే కోలుకుంటున్న కుక్కపిల్లకు అసలే మంచిది కాదు. అన్నంలో ఉడికించి ఎముకలు తీసేసిన కోడి మాంసమో, గుడ్డో కలిపి, పక్కన గిన్నెడు నీళ్లు పెట్టండి. పాల ప్యాకెట్ మానేస్తే ఆ 300 చేతికొస్తుంది.

ఇక టీకాలు. పార్వోకు టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల ఎడంతో నాలుగో నెల వరకు వేయిస్తారు. తర్వాత డాక్టరు చెప్పిన గడువు ప్రకారం బూస్టర్లు వేయించాలి. వాటన్నిటికీ అయ్యే ఖర్చు సాధారణంగా మీరు ఆ నాలుగు రోజుల్లో పెట్టిన దాంట్లో సగం కూడా ఉండదు. రేబిస్ టీకా మూడింటికీ వేయించండి. పిల్లి గీరినా, కరిచినా రేబిస్ రావచ్చని చాలామందికి తెలియదు. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం. ఆ రోజుల్లో పశువైద్యశాలలు చాలా చోట్ల ఈ టీకా ఉచితంగా వేస్తాయి, మీ ఊరి పశువుల ఆసుపత్రిలో ముందే కనుక్కోండి. పాపకు గోరు గీరుకుని రక్తం వస్తే పసుపూ కారమూ పెట్టకుండా సబ్బుతో ధారగా పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ ఆ ఇంజక్షన్లకు డబ్బు తీసుకోరు. డబ్బు సంగతులు రాసే చోట ఇదంతా ఎందుకంటారేమో. పిల్లలూ జంతువులూ కలిసి తిరిగే ఇంట్లో ఏడాదికి కొన్ని వందలు పెట్టి తప్పించుకోగల ఆపద ఇది.

మరో రెండు మాటలు. పార్వో క్రిమి ఇంటి నేలలో, పెరటి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. ఇంకో కుక్కపిల్లను ఇప్పట్లో ఇంటికి తేవద్దు. రెండు పిల్లుల్లో ఒకటి ఆడదని రాశారు. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం, ఈతకు నాలుగేసి పిల్లలను సాకడం కన్నా తక్కువలో పోతుంది. ఇచ్చేయడం గురించి నా మాట అడిగితే, వద్దు. ఏడేళ్ల పిల్ల అన్నం మానేసేంత ప్రేమ పెంచుకున్న ప్రాణిని, నెలకు 1,200 కోసం ఇంట్లోంచి పంపించే పరిస్థితి మీది కాదు.

ఇప్పుడు చీటీ సంగతి. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చీటీ నడిపేవారు ఆ రాష్ట్ర చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర దాన్ని నమోదు చేయాలి, సభ్యులకు రాతపూర్వక ఒప్పందం ఇవ్వాలి. మీరు కడుతున్న చీటీకి అవేవీ లేవు. పైగా మీరు ఒడిశాలో ఉన్నారు, చీటీ ఆంధ్రలో ఉంది. రేపు తేడా వస్తే ఏ కాగితం పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్తారు? ఆయన మంచివారే కావచ్చు. ఆయనకు గుండెపోటు వచ్చినా, నలుగురు సభ్యులు కట్టడం మానేసినా మంచితనం మీ డబ్బు తెచ్చిపెట్టదు. చీటీ ఎత్తేదాకా మీ సొమ్ము వాళ్ల చేతిలో ఉంటుంది, ఎత్తాక వాళ్ల సొమ్ము మీ చేతిలో ఉంటుంది. అందుకని మధ్యలో మానేయకండి, మానేస్తే కట్టింది కూడా చిక్కుల్లో పడుతుంది. వచ్చే పాటలోనే పాడేయండి. ఐదు వేలు తగ్గినా సరే, 35,000 చేతికి వస్తుంది. మిగిలిన తొమ్మిది వాయిదాలు ఇప్పటిలాగే నెలనెలా కట్టేయండి. మీ మంచితనం మీద అవతలివాళ్లు పెట్టిన నమ్మకం అది.

ఆ 35,000లో ముందు ఫీజు డబ్బు 7,200 పక్కన పెట్టండి. అత్తగారి బాధ అక్కడే సగం తీరుతుంది. మిగిలిన 27,800 మీ పేరున బ్యాంకులో ఉండనివ్వండి. దాదాపు నెలన్నర ఇంటి ఖర్చు అది. వానాకాలంలో వైరింగ్ పనులు పలచబడతాయని రాశారు కదా, ఆ నెలల్లో ఎవరి దగ్గరా చేయి చాచకుండా కాపాడేది ఇదే. దీన్ని ఇంకో చీటీలో మాత్రం పెట్టకండి.

బీమా పని ఈ వారమే చేయండి. మీ వారికి సేవింగ్స్ ఖాతా ఉన్న బ్యాంకుకే వెళ్లి రెండు ఫారాలు అడగండి. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు ఇస్తారు. జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436, ఏ కారణంతో పోయినా 2 లక్షలు వస్తాయి. ఇందులో కొత్తగా చేరినవారికి మొదటి 30 రోజులు ప్రమాద మరణానికే వర్తిస్తుంది. రెండూ జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తాయి. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేకపోతే రద్దయిపోతాయి, చాలా ఇళ్లలో జరిగేది అదే. నామినీగా మీ పేరు రాయించండి. మీరూ చేరండి. ఇద్దరికీ కలిపి ఏడాదికి 912. నెలకు లెక్కేస్తే 76 రూపాయలు. మీకు మిగిలే ఆ 700లోంచి ముందు ఇది కట్టండి.

మీ వారికి ప్రమాదంలో ఏదైనా జరిగితే రెండు బీమాలూ కలిపి వచ్చేది నాలుగు లక్షలే. ఇద్దరు పిల్లలున్న ఇంటికి అవి చాలవు. చీటీ అయిపోయాక టర్మ్ పాలసీ (గడువులోపు ప్రాణం పోతేనే కుటుంబానికి పెద్ద మొత్తం ఇచ్చే బీమా) ఒకటి తీసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు, ఆ మేరకు భారం తగ్గింది. ఫారంలో వృత్తి అడిగిన చోట ‘వ్యాపారం’ అని రాయించే ఏజెంట్లు ఉంటారు. ఒప్పుకోవద్దు. ఎలక్ట్రీషియన్ అనే రాయించండి, ప్రీమియం కాస్త పెరిగినా పరవాలేదు. లేకపోతే పరిహారం అడిగిన రోజున అదే సాకవుతుంది.

వైద్యం విషయంలో సరిహద్దు ఊళ్లవాళ్లకు ఒక వెసులుబాటు వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఒడిశా తన గోపబంధు జన ఆరోగ్య యోజనను కేంద్రం ఆయుష్మాన్ భారత్‌తో కలిపింది. అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంటి ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షలు. మీ ప్రాంతంవాళ్లు పెద్ద జబ్బు చేస్తే శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్తారు. ఆయుష్మాన్ జాబితాలో ఉన్న ఆసుపత్రి అయితే రాష్ట్రం దాటినా కార్డు చెల్లుతుంది. మీ ఇంట్లో అందరికీ, ముఖ్యంగా అత్తగారికి, కార్డు ఉందో లేదో చూసుకోండి. వెళ్లే ముందు ఆ ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో ఫోను చేసి అడగండి.

పిల్లల చదువుకు వద్దాం. బాబుకు 12, పాపకు 7. ఇద్దరికీ ఒకే పథకం సరిపోదు. బాబుకు ఐదేళ్లలో డబ్బు కావాలి. పోస్టాఫీసు ఐదేళ్ల రికరింగ్ డిపాజిట్ మీద ఇప్పుడు 6.7 శాతం ఇస్తున్నారు. నెలకు 1,000 కడితే ఐదేళ్లకు సుమారు 71,000 వస్తుంది. పాపకు సుకన్య సమృద్ధి ఖాతా పదేళ్లు నిండేలోపు తెరవాలి. 250 రూపాయలతో మొదలుపెట్టవచ్చు, ఏడాదికి కనీసం అంతే కట్టినా ఖాతా నడుస్తుంది కాబట్టి చీటీ అయ్యేదాకా ఆగకండి. ఇప్పుడు వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి ప్రభుత్వం సమీక్షిస్తుంది. నెలకు 500 చొప్పున కడితే, వడ్డీ ఇలాగే ఉంటే, పాపకు 18 ఏళ్లు వచ్చేసరికి లక్ష దాకా ఉంటుంది. చదువు కోసం తీయనిచ్చేది అందులో సగమే, మిగతాది ఖాతా తెరిచిన 21 ఏళ్లకో, 18 నిండాక పెళ్లికో వస్తుంది. కాబట్టి పాప కాలేజీ ఖర్చుకు సుకన్య ఒక్కదాన్నే నమ్ముకోకండి. బాబు డిపాజిట్ పూర్తయ్యాక అదే 1,000తో పాపకు మళ్లీ మొదలుపెట్టండి. తొమ్మిది నెలల తర్వాత చీటీ 2,000 ఖాళీ అవుతుంది కదా. వెయ్యి బాబుకు, ఐదు వందలు పాపకు, మిగిలిన ఐదు వందలు టర్మ్ పాలసీకి.

ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకు ఇచ్చే ‘సుభద్ర’ డబ్బు మీకు వస్తోందని చివర్లో ఒక్క ముక్కలో రాశారు. రాఖీ పౌర్ణమికి 5,000, మార్చి 8కి 5,000. ఇది 2028-29తో ఐదేళ్లు పూర్తయ్యే పథకం. నెల ఖర్చుల్లో కలిపితే అలవాటైపోతుంది, ఆగిపోయిన ఏడాది ఇల్లు తలకిందులవుతుంది. మార్చిలో వచ్చేది కొత్త తరగతి పుస్తకాలకు, యూనిఫాంకు, రాఖీకి వచ్చేది రెండో విడత ఫీజుకు అని ఇప్పుడే రాసి పెట్టుకోండి. అప్పుడు ఫీజు కోసం మీ కుట్టుపని డబ్బు ముట్టుకోవాల్సిన పని ఉండదు.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఫీజు కట్టిన రసీదు ఆవిడ చేతికే ఇవ్వండి. జంతువుల ఖాతా లెక్క బాబుతో రాయించండి. పన్నెండేళ్లవాడికి ఆ పని వస్తుంది, చెల్లెలి కుక్కపిల్లకు ఈ నెల ఎంత అయిందో నాయనమ్మకు వాడే చదివి వినిపిస్తాడు. చీటీ పాట నెలకు పదో తేదీన అని రాశారు. అది వచ్చేలోపు ఇప్పటిదాకా కట్టిన 11 వాయిదాలూ ఒక కాగితం మీద తేదీలతో రాసి, ఆయన చేత సంతకం పెట్టించుకోండి. మీ వారు మొహమాటపడితే మీరే వెంట వెళ్లండి.