అక్షింతల ఫోటోలు అప్పుడే పారేయకండి

నాన్నగారి బీరువా, అటక మీది ట్రంకుపెట్టె కలిపి వేల ఫోటోలు బయటపడ్డాయనీ, ఇల్లు ఖాళీ చేసేలోపు ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో, నెగటివ్‌లు ఏం చేయాలో తెలియట్లేదనీ అడిగారు. మా అమ్మావాళ్ల ఇల్లు అమ్మినప్పుడు ఈ పని నా నెత్తినే పడింది. మాది గుంటూరు జిల్లా పల్లెటూరు. మాకు పనికొచ్చినవి చెబుతాను.

ఏరివేత సంగతి తర్వాత చూద్దాం, ముందు పేర్లు తెలుసుకోండి. ఫోటో ఇంకో పదేళ్లు పెట్టెలో పడి ఉండగలదు. అందులో ఉన్నదెవరో చెప్పగలిగే పెద్దవాళ్లు అలా ఆగరు. మీ ఇంట్లో అందరికంటే జ్ఞాపకం బాగా ఉన్న పెద్దమ్మనో మేనత్తనో కూర్చోబెట్టి, ఒక్కో ఫోటో చేతికిచ్చి, పక్కన ఫోన్‌లో రికార్డింగ్ పెట్టేయండి. రాసుకుంటూ కూర్చుంటే వాళ్ల మాట తెగిపోతుంది.

"ఏ సంవత్సరం అత్తయ్యా?" అని మాత్రం అడగకండి. "ఏమోరా, ఎవరికి గుర్తు" అంటారు. "పుష్కరాలకి ముందా, తర్వాతా?" అంటే మా అత్తయ్య ఠక్కున చెప్పేది. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016లో వచ్చాయి. గోదావరి వైపు వాళ్లయితే 1979, 1991, 2003, 2015. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన మా వైపు ఇంకో గుర్తు. "ఉప్పెనకి వీడు చంకలో పిల్లాడు" అన్న ఒక్క మాటతో ఒక కవరు ఫోటోలకి తేదీ దొరికేసింది.

మనుషులు చెప్పలేనిది ఫోటోయే చెబుతుంది. వెనకున్న స్కూటర్ నంబరు ఏపీ-7, ఏపీ-16 లాగా జిల్లా అంకెతో ఉంటే అది 1989కి ముందుది కాదు. వెనక్కి తిప్పితే కాగితం మీద కంపెనీ పేరు ఉంటుంది. కోనికా వాళ్లు 2006లో ఫోటో వ్యాపారం మానేస్తున్నట్టు ప్రకటించారు కాబట్టి ఆ పేరున్నవి చాలావరకు అంతకు ముందువే అనుకోవచ్చు. మూలన నారింజ రంగులో పడే తేదీని మాత్రం నమ్మకండి. బ్యాటరీ మార్చాక కెమెరాలో తేదీ సరిచేసినవాళ్లు తక్కువ.

ఇక తీసేయాల్సినవి. ఊటీ పూలతోట, మనుషుల్లేని బీచ్, కారు కిటికీలోంచి తీసిన కొండలు: ఇవన్నీ పోవచ్చు, ఇంతకంటే మంచివి ఎక్కడైనా దొరుకుతాయి. ఒకే ఫిల్ము రీల్‌లో ఒకే చోట తీసిన ఐదింటిలో ఒకటి చాలు. కానీ బాగా రాలేదన్న కారణంతో తీసేయకండి. మా దగ్గర ఎవరి మొహమూ సరిగ్గా పడని ఫోటో ఒకటుంది. పిన్ని సగం కదిలిపోయింది, పిల్లాడి తల తెగిపోయింది. కానీ వెనక రోలు, చిక్కుడు పందిరి, గోడకి ఆనించిన నాన్న సైకిలు, గిలక ఊడిన బావి అన్నీ ఉన్నాయి. ఆ పెరడు మొత్తం పడిన ఫోటో అదొక్కటే. ఊటీవి ఎన్ని పోయినా నాకు ఫరవాలేదు, అది కావాలి.

అసలు తలనొప్పి పెళ్లి ఆల్బమ్‌లు. వధూవరుల వెనక నలుగురు నిలబడటం, అక్షింతలు వేయడం, చదివింపుల కవరు ఇవ్వడం, మళ్లీ ఇంకో నలుగురు. పేజీల కొద్దీ ఇవే. అందరూ ముందు వీటినే తీసేయమంటారు. నేనయితే ఆఖర్న చూడమంటాను. ఆ రోజుల్లో సొంత కెమెరా లేని ఇళ్లే ఎక్కువ. చాలామందికి మంచి ఫోటో ఉంటే అది ఎవరో ఒకరి పెళ్లి వేదిక మీద తీసిందే. మా వీధిలో ఒక పెద్దామె పోయినప్పుడు పెద్దకర్మకి ఫ్రేము కట్టిద్దామంటే ఆధార్ కార్డు మీది ఫోటో తప్ప ఇంకోటి లేదు. వాళ్లబ్బాయి మా ఇంటికొచ్చి అడిగాడు. మా అక్క పెళ్లి ఆల్బమ్‌లో దొరికింది: పట్టుచీర, తల్లో కనకాంబరాలు, చేతిలో అక్షింతలు, నేరుగా కెమెరా వైపు చూస్తూ. పక్కవాళ్లని తీసేసి స్టూడియోవాళ్లు పెద్దది చేసిచ్చారు. అప్పట్నుంచి అక్షింతల ఫోటోల్ని కుటుంబాలవారీగా కవర్లలో వేసి, ఎవరివి వాళ్లకి ఇచ్చేస్తున్నాం. మన పెట్టె ఖాళీ అవుతుంది, వాళ్లకి పండగ. ఎవరూ గుర్తుపట్టనివి మాత్రం నిస్సంకోచంగా తీసేయండి.

మనుషులున్న ఫోటో చించడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. వాళ్లతో వాదన పెట్టుకోకండి. "అక్కర్లేనివి" అని రాసిన అట్టపెట్టెలో వేసి కొన్ని నెలలు పక్కన పెట్టండి, ఎవరూ అడగకపోతే అప్పుడు చూసుకోవచ్చు. రంగు ఫోటోల్ని కాల్చకండి, ఆ కాగితానికి ప్లాస్టిక్ పూత ఉంటుంది.

జిగురు పేజీల మీద పైన ప్లాస్టిక్ కప్పి ఉండే ఆల్బమ్‌లు ఉంటే ఆ పని వాయిదా వేయకండి, ఏళ్లు గడిచేకొద్దీ జిగురు బిగిసిపోతుంది. గోటితో లాగితే ఫోటో మధ్యకి విరుగుతుంది. పళ్లు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం ఫోటో కిందకి దూర్చి, రంపం లాగినట్టు మెల్లగా అటూ ఇటూ లాగండి. అయినా రాకపోతే ప్లాస్టిక్ ఎత్తి పేజీని అలాగే స్కాన్ చేయండి. ఫ్రేము అద్దానికి అతుక్కున్నవి కూడా అంతే, అద్దంతోనే స్కాన్.

పోస్టుకార్డు సైజు ఫోటోని స్కాన్ చేయడానికి 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) మామూలుగా సరిపోతుంది. పాస్‌పోర్టు సైజువి, చిన్న నలుపు తెలుపువి 600లో పెట్టండి. స్కాన్ అయ్యాక ఫైలుకి ఈరోజు తేదీ పడుతుంది, అందుకే పేరు మొదట్లోనే సంవత్సరం రాయండి: "1992 పుష్కరాలు అమ్మమ్మ" అని. ఫోటో వెనక పెన్నుతో రాయకండి, అచ్చు ముందుకి తేలుతుంది. కవరు మీద రాయడం మేలు. చుట్టాలకి వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే సైజు తగ్గిపోతుంది.

ఫోన్లలోవి ఇప్పుడు ముట్టుకోకండి. వాటికి చెద పట్టదు. గుడ్ మార్నింగ్ బొమ్మలు తుడిచేస్తే చాలావరకు ఖాళీ అవుతుంది, మిగతాది తీరిగ్గా చూసుకోవచ్చు.

నెగటివ్‌లు ఉంచండి. ప్రింటు వెలిసినా నెగటివ్ నుంచి మళ్లీ మంచి కాపీ తీయొచ్చు, పైగా ఒక చిన్న డబ్బాలో పట్టేస్తాయి. డబ్బా తెరవగానే వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే ఆ ఫిల్ము పాడవడం మొదలైనట్టు. వాటిని మిగతావాటి నుంచి వెంటనే విడిగా పెట్టి, ముందు వాటినే స్కానింగ్‌కి ఇవ్వండి.