జెకర్యా 9:9లో ఉన్నది ఒక గాడిదా, రెండు గాడిదలా?

మీరు అడిగింది ఇది: "నీ రాజు 'గాడిదను గాడిద పిల్లను ఎక్కి' వస్తాడని ప్రవక్త జెకర్యా గ్రంథం 9:9లో ఉంది. యేసు యెరూషలేములోకి వచ్చిన సంగతి చెబుతూ మార్కు, లూకా, యోహాను ఒక్క జంతువు గురించే రాస్తే మత్తయి మాత్రం శిష్యులు రెండింటిని తెచ్చారన్నాడు. హెబ్రీ కవిత్వం తెలియక పొరబడ్డాడంటారు, నిజమేనా?"

కాదు. ఈ విమర్శ చేసేవాళ్ళలో గాడిదను తోలినవాళ్ళు ఒక్కరు కూడా ఉండరని నా గట్టి నమ్మకం. నేను తోలాను. మాది గుంటూరు జిల్లాలో రజక కుటుంబం. చాకిరేవుకు బట్టల మూటలు మోసే గాడిదల మధ్యే పెరిగాను.

హెబ్రీ పద్యంలో మొదటి పాదం చెప్పినదాన్నే తరచు రెండో పాదం మరో మాటతో చెబుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో కవిత్వం బోధించిన రాబర్ట్ లౌత్ 1753లో అచ్చయిన ఉపన్యాసాల్లో దీన్ని విడమరచి చూపించాడు. మనకు ఇది కొత్తేమీ కాదు. "ఇల్లూ వాకిలీ అమ్ముకున్నాడు" అంటే వాకిలి ఎవరికి అమ్మాడని ఎవరూ అడగరు. జెకర్యా మాటలూ అలాంటివే. ముందు 'హమోర్', అంటే గాడిద. తర్వాత 'అయిర్', లేత మగ గాడిద. ఆపైన 'ఆడ గాడిదల కొడుకు' అని వివరణ. జంతువు ఒకటే. విమర్శకుల మాట ఇంతవరకు సరైనదే.

కానీ మత్తయికి ఇది తెలియదనడం అన్యాయం. 22వ కీర్తనలో "నా వస్త్రాలు పంచుకుంటున్నారు, నా అంగీ కోసం చీట్లు వేస్తున్నారు" అనే జంట పాదాలున్నాయి. యోహాను 19వ అధ్యాయం వాటిని రెండు పనులుగా చదివింది. యేసును సిలువ వేసిన సైనికులు ఆయన వస్త్రాలను నాలుగు భాగాలు చేశారు, కుట్టులేని అంగీకి మాత్రం చీట్లు వేశారు. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో విశ్వాసుల ప్రార్థన రెండో కీర్తనలో రాజులు, అధికారులు అన్న జంట మాటలను ఇలాగే విడదీసింది. రాజులంటే హేరోదు, అధికారులంటే పిలాతు. వీళ్ళందరికీ కవిత్వం తెలియదా? ఇది లేఖనంలో ఒక్క మాట కూడా ఊరికే పడదని నమ్మినవాళ్ళు చదివే తీరు. యూదు రబ్బీలు కూడా రెండో పాదంలో కొత్త అర్థం వెతికేవారు.

ఇక మా ఊరి సంగతి. నాకప్పుడు పదకొండేళ్ళు. మట్టల ఆదివారం ఊరేగింపులో ఒక చిన్న పిల్లవాడికి తెల్ల బట్టలు కట్టి, నిజం గాడిద పిల్ల మీద కూర్చోబెట్టాలని మా పాస్టరు అయ్యగారు అనుకున్నారు. తాతయ్యను అడిగారు. మా దగ్గర రెండేళ్ళ పిల్ల ఉండేది, దాని వీపు మీద అప్పటికి మూట పెట్టలేదు. "తల్లిని కూడా తోలుకొస్తానండి" అన్నారు తాతయ్య. "వద్దు, పిల్ల ఒక్కటి చాలు" అన్నారు అయ్యగారు.

ఆ ఉదయం ఈత మట్టలు పట్టుకుని జనమంతా గుడి ముందు నిలబడ్డారు. డప్పులు మొదలయ్యాయి, హోసన్నా అని కేకలు వేశారు. పిల్ల నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి నిలబడిపోయింది. ముందు నుంచి ఇద్దరు లాగారు, వెనక నుంచి ఒకరు నెట్టారు. దాని చర్మం వణకడం నాకు కనబడుతూనే ఉంది. పైన కూర్చున్న పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. తాతయ్య ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్ళి తల్లి గాడిదను తీసుకొచ్చి ముందు నిలబెట్టారు. తల్లి అడుగు వేసింది, పిల్ల దాని తోకకు ముక్కు ఆనించి నడిచింది. గుడి నుంచి చెరువుగట్టు దాకా మళ్ళీ ఆగలేదు.

ఇప్పుడు మార్కు 11:2 చదవండి. దాని మీద ఎప్పుడూ ఏ మనిషీ కూర్చోలేదు అంటాడు. ఎవరూ ఎక్కని పిల్ల అంత జనంలో, అన్ని కేకల మధ్య తల్లి లేకుండా నడుస్తుందా? రెండూ వచ్చాయి, యేసు ఎక్కింది పిల్లను. రెండింటి మీదా ఎలా కూర్చున్నాడని ఎగతాళి చేసేవాళ్ళు మత్తయి 21:7లో 'వాటిమీద' అన్న గ్రీకు మాట పరచిన బట్టలకు కూడా చెల్లుతుందని గమనించరు. మన తెలుగు బైబిలు "ఆయన బట్టలమీద కూర్చుండెను" అని స్పష్టంగా అంటుంది.

మన బోధకులతోనూ నాకు పేచీ ఉంది. ప్రవచనాలను పరీక్షలో జతపరచండి ప్రశ్నలా ఎడమ వరుసలో ఒకటి, కుడి వరుసలో ఒకటి పెట్టి గీతలు గీస్తారు. ఈ అలవాటు పాతదే. ఆదికాండము 49:11లో యూదా ద్రాక్షావల్లికి గాడిద పిల్లను కట్టాడని ఉంది కాబట్టి, రెండో శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత యేసు ఎక్కిన పిల్లను కూడా ద్రాక్షకే కట్టి ఉంచారని రాసేశాడు. సువార్తల్లో ద్రాక్ష మాటే లేదు. ఇలా లెక్కలు సరిచూసే తొందరలో పద్యం ఏం చెబుతోందో వదిలేస్తారు.

తర్వాతి వచనం చూడండి. ఎఫ్రాయిములో రథాలు ఉండవు, యెరూషలేములో గుర్రాలు ఉండవు, యుద్ధపు విల్లు విరిగిపోతుంది. గాడిద ఎందుకో అక్కడ ఉంది. యూదుల ధర్మగ్రంథం తల్మూదులో రబ్బీ యెహోషువ బెన్ లేవి మాటగా, ఇశ్రాయేలు యోగ్యులైతే మెస్సీయ మేఘాల మీద, కాకపోతే గాడిద మీద వస్తాడని ఉంది. ఆయనకు గాడిద తక్కువ. నేను ఒప్పుకోను. బడిలో నన్ను "గాడిదలవాడా" అని పిలిచేవారు. ఈ రాజు యుద్ధపు గుర్రాన్ని పక్కకు నెట్టి మా వాకిట్లో జంతువును కోరి ఎంచుకున్నాడని జెకర్యాను చదివినప్పుడే నాకు అర్థమైంది. గాడిద మీద రావడం ఆయనకు శిక్ష కాదు.

ఊరేగింపు జరిగిన రోజు సాయంత్రం తాతయ్యకు మత్తయి 21వ అధ్యాయం చదివి వినిపించాను. ఆయనకు చదువు రాదు. ఒకటా రెండా అని ఆయన అడగలేదు. "పని అయ్యాక గాడిదలను సొంతదారుకు అప్పజెప్పారా? మర్నాడు అతనికి పని ఉంటుంది కదా" అన్నారు. నాకు తెలియలేదు. వెతికితే మార్కు 11:3లో దొరికింది, వెంటనే తిరిగి పంపిస్తాడని చెప్పమని. రెండుసార్లు చదివించుకుని, తల్లి గాడిద ముందరికాళ్ళకు బంధం వేయడానికి లేచారు.